లంక చేలో పందుల కాపలాకు థర్మల్: దూరం చూసి కాదు, చెమ్మ చూసి కొనండి

ప్రశ్న: మాది పి.గన్నవరం దగ్గర లంక. అయిదెకరాల్లో అరటి, కంద, గట్ల మీద కొబ్బరి. రెండేళ్లుగా రెల్లుదుబ్బుల్లోంచి పందులు దిగి కంద తవ్వేస్తున్నాయి, అరటి పిలకలు పడగొడుతున్నాయి. టార్చి వేస్తే పోతాయి, అరగంటకి మళ్లీ దిగుతాయి. టెక్సాస్‌లో ఉంటున్న మా బావమరిది తుపాకీకి థర్మల్ స్కోప్ బిగించుకుని అక్కడ పందుల వేటకు వెళ్తుంటాడు. సంక్రాంతికి వచ్చేటప్పుడు అలాంటిదే ఒకటి తెస్తానంటున్నాడు. మా నాన్నగారి పేరున లైసెన్సు తుపాకీ ఉంది. తెప్పించుకోమంటారా, ఇక్కడే కొనుక్కోమంటారా? లక్ష దాటకూడదు. 256, 384, 35 ఎంకే అని రాస్తారు కదా, వాటిలో ఏది చూసుకోవాలి? పుష్యమాసం మంచులో పనిచేస్తుందా?
— ఒక రైతు, డా. బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా

జవాబు: స్కోప్ వద్దండీ. మీకు కావలసింది ఒంటి వేడిని బట్టి చీకట్లో బొమ్మ చూపే థర్మల్ పరికరాల్లో, చేత్తో పట్టుకుని ఒంటికన్నుతో చూసే మోనోక్యులర్. 256×192 సెన్సరు, 12 మైక్రాన్ల పిక్సెలు, ఎఫ్1.0 లెన్సు, సున్నితత్వం 25 మిల్లీకెల్విన్లు (మీరు రాసిన ఎంకే ఇదే) లేదా అంతకన్నా తక్కువ, బయటికి తీసి మార్చుకోగల బ్యాటరీ. లక్ష లోపు ఇవన్నీ ఉన్నది తీసుకుంటే మీ అయిదెకరాలకు సరిపోతుంది. లెన్సు 10 మిల్లీమీటర్లదా, 15దా అన్నది మీరు కూర్చునే చోటు నుంచి చేను ఆ చివరికి ఎంత దూరమో కొలిచి తేల్చుకోవాలి. ఆ లెక్కా, ఈ అంకెల అర్థమూ కింద చెబుతాం.

ముందు తుపాకీ సంగతి. టెక్సాస్ పంది వేరు, మన పంది వేరు. అక్కడ తిరిగేవి బయటి నుంచి తెచ్చిన పందులు అడవిపాలై పెరిగిన మందలు. ప్రైవేటు భూమిలో యజమాని ఒప్పుకుంటే 2019 నుంచి వాటికి వేట లైసెన్సు కూడా అడగడం లేదు. మన అడవిపంది ఈ నేలకు పుట్టిన జంతువు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972కి 2022లో చేసిన సవరణ తరవాత అది రెండో షెడ్యూల్లో ఉంది. తొమ్మిదో సెక్షన్ ప్రకారం దాన్ని వేటాడకూడదు. పంట పాడుచేస్తుంటే 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ కారణాలు రాసి, రాతపూర్వకంగా అనుమతివ్వాలి. ఆ కాగితం లేకుండా కాలిస్తే మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా పడొచ్చు. తుపాకీ పోతుంది, దాని లైసెన్సునూ కోర్టు రద్దు చేయవచ్చు. మీ నాన్నగారి లైసెన్సు తుపాకీ ఉంచుకోవడానికి ఇచ్చింది, పందిని కొట్టడానికి ఇచ్చింది కాదు. ఉచ్చు వేసినా, ఎర పెట్టినా చట్టం దాన్నీ వేట కిందే లెక్కేస్తుంది, జంతువు చావకపోయినా సరే. కంచెకు కరెంటు తీగ తగిలించే పని గురించి చెప్పనక్కర్లేదు. దానికి ముందు పడేది పంది కాదు, తెల్లవారుజామున నీళ్లు పెట్టడానికి వచ్చే పక్క రైతు.

ఇక చట్టం పక్కన పెట్టినా స్కోప్ మీ పనికి పనికిరాదు. కాపలాలో నూటికి తొంభై వంతులు వెతకడమే, గట్టు వెంబడి ఈ చివర నుంచి ఆ చివరకు చూపు తిప్పుతూ ఉండడమే. స్కోప్‌తో వెతకాలంటే తుపాకీ గొట్టాన్ని వెచ్చగా కనిపించిన ప్రతి దాని మీదికీ తిప్పాలి. లంకలో రాత్రిపూట వెచ్చగా కనిపించేది పంది ఒక్కటేనా? మకాంలో పడుకున్న పాలికాపు, పడవ కట్టేసి గట్టెక్కుతున్న మనిషి, తాడు తెంపుకున్న దూడ, అందరూ వెచ్చగానే కనిపిస్తారు. దుప్పటి కప్పుకుని గట్టు పక్కన ముడుచుకు కూర్చున్న మనిషి వంద మీటర్ల నుంచి థర్మల్‌లో ఎలా ఉంటాడో ఒక్కసారి చూడండి. దుప్పటి వేడిని ఆపేస్తుంది కాబట్టి ఒళ్లంతా మసకగా, పైన ముఖం మాత్రం చిన్న తెల్ల చుక్కగా ఉంటుంది. అచ్చం తల వంచి తవ్వుతున్న పందిలాగే.

బావమరిది గారు తెస్తానన్నది కూడా మానిపించండి. థర్మల్ పరికరాలు, అందులోనూ తుపాకీకి బిగించేవి, అమెరికా ఎగుమతి నిబంధనల కింద నియంత్రణలో ఉన్నవి. పెట్టెలో బట్టల మధ్య పెట్టుకుని వస్తే అక్కడా తప్పే, ఇక్కడ కస్టమ్స్‌లో చెప్పకపోతే ఇక్కడా తప్పే. అన్నీ సవ్యంగా జరిగినా, ఆరు నెలలకు బొమ్మ పోతే బాగుచేయించుకోవడానికి మళ్లీ ఆయన రాకకోసం ఎదురుచూడాలి. జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబరు వేసి, ఈ దేశంలో సర్వీసు ఎక్కడో రాసిచ్చే అమ్మకందారు దగ్గరే కొనండి. పరికరానికి ఒక వారంటీ, లోపలి సెన్సరుకు వేరే వారంటీ ఉంటుంది. రెండూ కాగితం మీద రాయించుకోండి.

ఇప్పుడు అంకెలు. 256×192 అంటే సెన్సరు మీద అడ్డంగా 256, నిలువుగా 192 గళ్లు. 12 మైక్రాన్లు ఒక్కో గడి వెడల్పు. ఈ 12ను లెన్సు ఫోకల్ లెంగ్త్‌తో, అంటే లెన్సు మీద రాసే మిల్లీమీటర్ల అంకెతో భాగించి పదితో హెచ్చిస్తే, ఒక గడి వంద మీటర్ల దగ్గర ఎన్ని సెంటీమీటర్ల మేర చూస్తుందో తెలిసిపోతుంది. 10 మిల్లీమీటర్ల లెన్సుకు 12 సెంటీమీటర్లు, 15దానికి 8, 19దానికి 6.3, 25దానికి 4.8. చాలా కంపెనీల్లో మోడలు పేరు చివరి అంకె ఈ లెన్సుదే. హైక్‌మైక్రో వాళ్ల ఎల్ఈ10, ఎల్ఈ15లో ఉన్న 10, 15 అవే.

ఎదిగిన పంది భుజం దగ్గర సుమారు 70 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుందనుకుందాం. ఏదో ఉందని తెలియడానికి రెండు మూడు గళ్లు చాలు. అది పందో, మనిషో, దూడో తెలియాలంటే ఎనిమిది గళ్లైనా కావాలి. కచ్చితంగా ఇదే అని చెప్పాలంటే పదమూడు. ఈ లెక్కన 10 లెన్సుతో పందిని పందిగా గుర్తుపట్టేది 73 మీటర్ల దాకా, 15తో 110 దాకా, 19తో 140 దాకా, 25తో 180 దాకా. ఇది పొడి గాలిలో, పంది పక్కకు తిరిగి నిలబడి, అడ్డం ఏమీ లేనప్పుడు. కంద ఆకుల వెనక సగం దాగిన పందికి ఆ సగమే లెక్క.

డబ్బా మీద '700 మీటర్లు' అని రాసి ఉండేది పైదాంట్లో మొదటి లెక్క. నిలువెత్తు మనిషి మూడు గళ్లంత మచ్చగా కనిపించే దూరం అది. అబద్ధం కాదు, మనకు అక్కరలేని నిజం. ఆ అంకెను చూసి ధర కట్టకండి.

లెన్సు పెద్దదైతే దూరం పెరుగుతుంది గానీ చూపు ఇరుకవుతుంది. 256 సెన్సరుతో 10 లెన్సుకు వంద మీటర్ల దగ్గర 30 మీటర్ల వెడల్పు పడుతుంది, 15కు 20 మీటర్లే. ఇదే సెన్సరుకు 25 లెన్సు పెడితే 12 మీటర్లు. సందులోంచి చూసినట్టు ఉంటుంది, నాలుగు పందులుంటే మూడే కనిపిస్తాయి, నాలుగోది మీ వెనక నుంచి వెళ్తుంది. అందుకే మంచె చేను మధ్యలో వేసుకుని చుట్టూ 60 మీటర్లే చూడాల్సి ఉంటే 10 లెన్సు. ఏటిగట్టు మీద కూర్చుని చేనంతా ఒకే వైపు చూడాలంటే 15. టేపు పట్టుకుని ఒకసారి కొలవండి, కళ్లతో వేసే అంచనా రాత్రిపూట ఎప్పుడూ తప్పే.

384×288 సెన్సరులో గళ్లు రెండుంపావు రెట్లు ఎక్కువ. 19 లెన్సుతో వంద మీటర్ల దగ్గర 24 మీటర్ల వెడల్పు ఇస్తూనే గడి 6.3 సెంటీమీటర్లకు తగ్గుతుంది. అంటే వెడల్పూ పోలేదు, వివరమూ పెరిగింది. అమలాపురం అవతల తెరిపిగా ఉండే దాళ్వా చేలకీ, చెరువుల వైపుకీ అదే సరైనది. కానీ లక్షలో రాదు. పక్క పక్క చేల వాళ్లు ముగ్గురు కలిసి కొనుక్కుంటే మాత్రం 256ల జోలికి పోకుండా దీనికే వెళ్లండి. అరటితోట ఉన్న మీ ఒక్కరికైతే అంత ఖర్చు దండగ. అరటి చెట్ల మధ్య చూపు ఎటూ 50, 60 మీటర్లకు మించి పోదు.

ఇక చెమ్మ. గోదావరి జిల్లాల్లో థర్మల్ కొనే వాళ్లు ఎక్కువమంది తప్పులో కాలేసేది ఇక్కడే. బాగుందంటూ చూపించే వీడియోలన్నీ పొడి దేశాల్లో, చలిలో తీసినవి. అక్కడ నేల చల్లగా, జంతువు వెచ్చగా ఉంటుంది, దీపం పెట్టినట్టు కనిపిస్తుంది. మన దగ్గర వైశాఖంలో అర్ధరాత్రి కూడా గాలి 28, 29 డిగ్రీలు. గట్టు మట్టి, కొబ్బరి మొదళ్లు పగటి ఎండ తాగి ఇంకా వెచ్చగానే ఉంటాయి. పంది వెంట్రుకల పైపొర వాటికన్నా మూడు నాలుగు డిగ్రీలే ఎక్కువ. పైగా అది బురదలో పొర్లి వచ్చిందంటే ఆ తేడా కూడా ఉండదు. ఇంత చిన్న తేడాను పట్టుకోవాలంటే గళ్ల సంఖ్య కాదు, గడి సున్నితత్వం కావాలి. ఆ మిల్లీకెల్విన్ల అంకె చెప్పేది అదే. 25 అంటే డిగ్రీలో నలభయ్యో వంతు తేడాను గుర్తించగలదు, 40 అంటే పాతికో వంతును. ఆ అంకె ఎంత తక్కువైతే అంత మంచిది. 384 సెన్సరు 40తో ఒకటి, 256 సెన్సరు 20తో ఒకటి పక్కపక్కన ఒకే ధరకు దొరికితే, మన చెమ్మలో మేం రెండోదే తీసుకోమంటాం.

ఆ అంకెకు తోడు లెన్సు ఎఫ్ అంకె కూడా చూడాలి. లెన్సు నోరు ఎంత వెడల్పో చెప్పేది అది, ఆ అంకె పెరిగేకొద్దీ లోపలికి వచ్చే వేడి తగ్గుతుంది. సున్నితత్వాన్ని మామూలుగా ఎఫ్1.0 లెన్సుతో, 25 డిగ్రీల దగ్గర కొలిచి రాస్తారు. మీ పరికరానికి బిగించిన లెన్సు ఎఫ్1.2 అయితే సెన్సరు మీద పడే వేడి దాదాపు 30 శాతం తగ్గిపోతుంది. 25 అని రాసి, లెన్సు ఎఫ్1.2 పెట్టారంటే చేలో అది 35లా ప్రవర్తిస్తుంది. ధర తగ్గించడానికి కంపెనీలు కోత పెట్టే చోటు ఇదే, ఎందుకంటే ఆ లెన్సు గాజు కాదు, జెర్మేనియం. ఖరీదంతా దాందే.

మంచు గురించి అడిగారు. పల్చటి మంచులో మామూలు కంటికన్నా, టార్చికన్నా థర్మల్ నయమే. కానీ తుంపర లావుగా ఉండి, పది బారల దూరంలో కొబ్బరిచెట్టు కూడా కనిపించని దట్టమైన మంచులో థర్మల్‌కూ మీ కంటికీ పెద్ద తేడా ఉండదు. నీటి బిందువులు ఆ వేడిని మధ్యలోనే మింగేస్తాయి. అలాంటి తెల్లవారుజాముల్లో పరికరం చెడిపోయిందని దుకాణానికి పరుగెత్తకండి. పుష్యంలో అసలు పని మంచు దిగకముందు, అంటే రాత్రి తొమ్మిది నుంచి రెండు దాకా చూసుకోవాలి. అప్పుడు నేల చల్లబడి ఉంటుంది, ఏడాది మొత్తంలో బొమ్మ బాగా వచ్చే వేళ అదే. సూర్యాస్తమయానికి కాస్త తరవాత, సూర్యోదయానికి కాస్త ముందు వెనక నేల, ఆకు, గట్టు అన్నీ ఒకే వేడికి వచ్చే ఘడియ ఒకటి ఉంటుంది. అప్పుడు తెరంతా బూడిదరంగుగా, చదునుగా కనిపిస్తుంది. అదీ మామూలే.

నీళ్ల సంగతి చెప్పకపోతే లంకలో ఈ పరికరం సగమే పనిచేస్తుంది. చలికాలం రాత్రి ఏరు, చెరువు, బోదెలో నీరు గాలికన్నా వెచ్చగా ఉంటాయి, థర్మల్‌లో తెల్లటి పాలచెరువులా వెలుగుతాయి. తెరలో సగం నీరు పడిందంటే పరికరం తన లెక్కంతా ఆ తెలుపుకు సర్దుకుంటుంది, గట్టు మీద పంది నల్లమచ్చగా మారిపోతుంది, లేదా కనబడకుండా పోతుంది. నీటికి వీపు పెట్టి కూర్చోండి. కుదరకపోతే నీరు తెర అంచుకు పోయేలా పరికరాన్ని కాస్త పక్కకు తిప్పి చూడండి. మబ్బులేని ఆకాశం మాత్రం నల్లగా చల్లగా ఉంటుంది. పల్లంలో కూర్చుని గట్టును పైకి చూస్తే పంది వెనక ఆకాశం పడి బొమ్మ కత్తిరించినట్టు వస్తుంది. మంచె మీది నుంచి కిందికి చూస్తే వెనక నేల పడుతుంది కాబట్టి అంత తేటగా ఉండదు, అయినా కంద చేలో మంచే కావాలి. థర్మల్ ఆకుల్లోంచి చూడలేదు. ఈనిన వరిలో, చెరకులో, మొక్కజొన్నలో నేల మీది నుంచి చూస్తే పంది వీపు కూడా కనిపించదు. మూడు నాలుగు మీటర్ల మంచె నుంచి చూస్తే ఆకుల సందుల్లో కదిలే తెల్ల ముక్కలు కనిపిస్తాయి. అరటిలో దీనికి తిరగేసి ఉంటుంది. ఆకులు పైన, మొదళ్ల మధ్య ఖాళీ కింద. అక్కడ నేల మీద, మోకాలి ఎత్తున స్టూలు వేసుకుని సాలు వెంబడి చూడడమే మేలు. కాబట్టి మీ కందకు ఒక చోటు, అరటికి ఒక చోటు పెట్టుకోండి.

థర్మల్ అద్దంలోంచి కూడా చూడలేదు. కారులో కూర్చుని అద్దం దించకుండా చూస్తే మీ ముఖమే మీకు కనిపిస్తుంది. మోటారు షెడ్డు కిటికీకి అద్దముంటే తెరవాలి.

మొదటి వారం రోజులు మీరు భయపడేవి చాలా ఉంటాయి. పెంటపోగు లోపల మురుగుతూ ఉంటుంది కాబట్టి తెల్లార్లూ వెచ్చగా, పడుకున్న గేదెలా కనిపిస్తుంది. సిమెంటు స్తంభం, ఇటుకల దొంతర, అప్పుడే ఆపిన మోటారు కూడా అంతే. పగలు ఒకసారి అదే చోట కూర్చుని ఏవేవి ఎక్కడున్నాయో చూసి పెట్టుకుంటే రాత్రి గుండె కొట్టుకోదు. పందిని గుర్తుపట్టాలంటే వెలుగును కాదు, ఆకారాన్ని, నడకను చూడండి. ఒళ్లు గరుకు వెంట్రుకతో, ఎండిన బురదతో కప్పి ఉండడం వల్ల మసకగా ఉంటుంది. ముఖం, చెవులు, తొడల లోపలి వైపు మాత్రం మెరుస్తాయి. ముందు భాగం బరువుగా, వెనక సన్నగా, మెడ లేనట్టు ఉంటుంది. నాలుగడుగులు వేస్తుంది, ఆగుతుంది, తల నేలలోకి పోతుంది. కుక్క అలా ఆగదు, కాళ్లు పొడుగ్గా తెల్లగా కనిపిస్తాయి. నీళ్లలోంచి అప్పుడే ఎక్కిన నీటికుక్క ఒళ్లు తడిసి చల్లబడి ఉంటుంది, తల ఒక్కటే నేల మీద పాకుతున్నట్టు కనిపిస్తుంది. కోరంగి వైపు మడ అడవుల అంచున చెరువులున్న వాళ్లకు చేపలు తినే బావురుపిల్లి కూడా తగలవచ్చు. అది అదే చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్నది. దాన్ని చూసి ఊరుకోండి, వెంటపడకండి.

దుకాణంలో పరీక్ష గురించి. గోడ మీద అరచెయ్యి పెట్టి తీసి, ఆ ముద్ర తెరలో చూపిస్తారు. బాగానే ఉంటుంది. ఎంత నాసిరకం పరికరమైనా ఆ పరీక్షలో నెగ్గుతుంది, ఏసీ గదిలో మరీను. మీరు చీకటి పడ్డాక బయటికి తీసుకెళ్లి కొబ్బరిచెట్టు తల వైపు కాదు, పొదల వైపు, ఇంటి గోడ వైపు తిప్పండి. ఒకే వేడిలో ఉన్న ఆకులు విడివిడిగా కనిపిస్తే సున్నితత్వం ఉన్నట్టు. అంతా ముద్దగా, మీద గీతలు పాకుతున్నట్టు ఉంటే లేనట్టు. వాన కురిసి వెలిసిన సాయంత్రం ఈ పరీక్ష చేయగలిగితే అంతకన్నా గట్టి పరీక్ష లేదు. తరవాత లెన్సు మూత వేసి తెర చూడండి. చెదరని తెల్ల చుక్క, నల్ల చుక్క ఉంటే అవి చచ్చిన పిక్సెళ్లు.

చూసే ముందు రెండు సర్దుబాట్లు చేయాలి. వీటిని కలగాపులగం చేసుకుని 'మసకగా ఉందండీ' అని వెనక్కిచ్చేవాళ్లు ఎక్కువ. కంటి దగ్గర చిన్న చక్రం ఉంటుంది. మెనూ తెరిచి, అందులోని అక్షరాలు పదునుగా వచ్చేదాకా దాన్ని తిప్పండి. అది మీ కంటికి సంబంధించింది, ఒకసారి పెడితే మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. ఆ తరవాతే ముందున్న లెన్సు రింగు తిప్పి దూరంలో ఉన్న చెట్టుకు ఫోకస్ పెట్టాలి. చవక 10 మిల్లీమీటర్ల మోడళ్లలో ఈ రింగు ఉండకపోవచ్చు, ఫోకస్ బిగించే వస్తుంది. మంచె కాపలాకు అది లోపం కాదు.

మధ్యమధ్యలో 'టక్' మని చప్పుడై బొమ్మ అర క్షణం ఆగుతుంది. లోపలి మూత పడి సెన్సరు తనను తాను సరిచేసుకుంటోందన్నమాట. నిశ్శబ్దంలో దగ్గరున్న పంది చెవికి ఇది అందవచ్చు. మెనూలో దీన్ని ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కు మార్చుకుని, బొమ్మ మీద మచ్చలు తేలినప్పుడు మీరే నొక్కుకోండి. తెర వేగం సెకనుకు 25 ఫ్రేములకు తక్కువ కాకుండా చూసుకోండి. ఎగుమతి నిబంధనల కోసం 9 ఫ్రేములకు కుదించినవి కూడా అమ్ముతుంటారు, చూపు తిప్పుతుంటే బొమ్మ తునకలు తునకలుగా జరుగుతుంది. డిజిటల్ జూమ్‌ను లెక్కలోకి తీసుకోకండి. రెండు రెట్లు చేస్తే 256×192 కాస్తా 128×96 అవుతుంది, ఉన్న గళ్లే పెద్దవవుతాయి.

తెల్లటి తెరను చీకట్లో చూసి కన్ను తీస్తే ఆ కంటికి రెండు నిమిషాలు ఏమీ కనబడదు. మంచె దిగేటప్పుడు ఇది ప్రమాదం. తెర వెలుతురు పాతిక శాతానికి తగ్గించుకోండి. కుడి కంటితో చూస్తే ఎడమ కన్ను దారికి ఉంచుకోండి.

ఇంతకన్నా చవకలో ఏమీ లేదా అంటే, ఫోనుకు తగిలించే థర్మల్ బిళ్లలు ఉన్నాయి. కరెంటు బోర్డుల్లో వేడి చూసేందుకు చేసినవి, 3 మిల్లీమీటర్ల చిల్లర లెన్సు. వంద మీటర్లలో ఒక గడి 40 సెంటీమీటర్లు చూస్తుంది, పంది రెండు గళ్లు కూడా నిండదు. పాతిక మీటర్లు దాటాక అది వట్టి బొమ్మ. దీనికన్నా పరారుణ దీపంతో పనిచేసే డిజిటల్ నైట్ విజన్ నయం. జంతువు ఏదో తేటగా చెబుతుంది, కళ్లు మెరుస్తాయి. కానీ వెతకడానికి రాదు. పైగా దాని దీపం మంచు మీద, తడి ఆకుల మీద పడి వెనక్కి కొడుతుంది. వానాకాలం మొత్తం మీకు తెల్ల తెరే కనిపిస్తుంది.

బ్యాటరీ గురించి కంపెనీ చెప్పే గంటలు నమ్మకుండా, రాత్రికి రెండు బ్యాటరీలు కావాలనుకోండి. 18650 రకం మార్చుకునే బ్యాటరీలైతే ఎక్కడైనా దొరుకుతాయి. వైఫై ఆపేయండి, అదే ఎక్కువ తాగేస్తుంది. ఎప్పుడూ కన్ను పెట్టుకుని కూర్చోనక్కర్లేదు. పావుగంటకోసారి రెండు నిమిషాలు ఒక చివర నుంచి మరో చివరకు నెమ్మదిగా తిప్పి చూసి, స్టాండ్‌బైలో పెట్టండి. తేదీ, సమయం సరిగ్గా పెట్టుకుని వీడియో తీసి ఉంచుకోండి. వారం రోజుల వీడియోలు పేరిస్తే పందులు ఏ రెల్లుదుబ్బులోంచి, ఏ పుంత వెంబడి, ఎన్ని గంటలకు దిగుతున్నాయో తెలుస్తుంది. చాలా చోట్ల అవి పది చోట్ల నుంచి కాక ఒకటి రెండు దారుల్లోనే వస్తాయి. కంచె కట్టేదేదో, దీపం పెట్టేదేదో అక్కడ పెడితే అయిదెకరాల చుట్టూ ఖర్చు తప్పుతుంది. అటవీ శాఖకు పెట్టే అర్జీకి ఆ వీడియోలే సాక్ష్యం. పందులు కనిపించాక వెలుతురు, చప్పుడు చేను లోపలి వైపు నుంచి మొదలుపెట్టండి. వాటి దారి వదిలేయండి. పిల్లలున్న తల్లి పంది దారి మూసుకుపోతే మీ మీదికే వస్తుంది. పందులున్నప్పుడు తోటలోకి కాలినడకన వెళ్లకండి.

ఉప్పుగాలి, చెమ్మ ఈ పరికరానికి కూడా శత్రువులే. ముందు లెన్సును కండువాతో తుడవకండి. జెర్మేనియం మీది పూత గీసుకుంటే బొమ్మ శాశ్వతంగా మసకబారుతుంది. దుమ్మును రబ్బరు బుడ్డితో ఊది, లెన్సు కాగితానికి రెండు చుక్కల ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి మెల్లగా అద్దండి. ఐపీ67 అంటే మీటరు నీళ్లలో అరగంట పరీక్షించారని, బ్యాటరీ మూత, ఛార్జింగ్ మూత గట్టిగా మూసి ఉన్నప్పుడే అది వర్తిస్తుంది. తెల్లారి ఇంటికి తెచ్చాక తడి ఆరనిచ్చి, మూత బిగిసే డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి అందులో పెట్టండి. లేకపోతే రెండు వానాకాలాలు తిరిగేసరికి కంటి వైపు గాజులో బూజు పాకుతుంది. నీలం గింజలు గులాబీరంగుకు తిరిగితే తడి తాగినట్టు. పొయ్యి మీద ఖాళీ బాండీలో సన్నసెగన వేడిచేస్తే మళ్లీ నీలమవుతాయి. పిల్లలు పగలు ఆడుకోవడానికి తీసి సూర్యుడి వైపు తిప్పకుండా చూసుకోండి. కొద్ది సెకన్లలోనే సెన్సరు మీద కాలిన మచ్చ పడొచ్చు, అది వారంటీలోకి రాదు.